తట్టుకునే బ్యాక్టీరియా, తగ్గని జింక్: ఒక గని వ్యర్థాల దిబ్బ కేసు

ఈ కేసు రాద్దామని కూర్చుని రెండుసార్లు మానేశాను. మొదటి ఏడాది మేం చేసిన పనిలో సగానికి పైగా తప్పుదారే. కానీ గని వ్యర్థాల మీద కొత్తగా పని మొదలుపెట్టే సూక్ష్మజీవుల ల్యాబ్‌ల వాళ్లు మేం పడ్డ గోతిలోనే పడడం చూస్తున్నాను, అందుకే రాస్తున్నాను. గని పేరు, ప్రాంతం, సంవత్సరాలు, మనుషుల వివరాలు తీసేశాను. ఆ చోటును పోల్చుకునే వీలిచ్చే కొలతలు కూడా వదిలేశాను. లెక్క అర్థం కావాల్సిన చోట మాత్రం ఉదాహరణ అంకెలు వాడాను.

నేపథ్యం

సీసం, జింక్ తీసిన గని. ఖనిజం సల్ఫైడ్ రకం, అంటే లోహం గంధకంతో కలిసి ఉన్నది. సీసానికి గెలీనా, జింక్‌కు స్ఫాలరైట్, వాటితో పాటు ఎవరికీ అక్కర్లేని పైరైట్ (ఇనుము, గంధకం కలిసినది), కొద్దిగా ఆర్సెనోపైరైట్ (దాంట్లో ఆర్సెనిక్ కూడా ఉంటుంది). రాయిని పిండిలా నూరి, కావలసిన ఖనిజాన్ని నురగలో తేల్చి తీసుకున్నాక మిగిలిన సన్నటి బురదను ఏళ్ల తరబడి ఒక కట్ట వెనక పోస్తూ వచ్చారు. మిల్లు ఆగిపోయాక అది ఎండి దిబ్బ అయింది. కాడ్మియం కోసం అక్కడ ఎవరూ తవ్వలేదు. కానీ అది స్ఫాలరైట్‌లో జింక్ ఉండాల్సిన చోట కొద్దికొద్దిగా దూరి ఉంటుంది, కాబట్టి జింక్ కదిలితే కాడ్మియమూ దాని వెంటే కదులుతుంది.

మేం మొదటిసారి వెళ్లింది ఎండాకాలం చివర్లో. పైన రెండు మూడు అంగుళాల మందాన పసుపు, నారింజ కలిసిన పెంకు. గడ్డపార వేస్తే అప్పడంలా విరిగింది. దాని కింద ముదురు బూడిద రంగులో చెమ్మగా ఉన్న అసలు వ్యర్థం. పగుళ్ల అంచుల వెంట తెల్లటి బూజు పట్టినట్టు ఉప్పు. గోటితో గీకి ఒక నీటి చుక్కలో వేస్తే ఇట్టే కరిగిపోయింది, పీహెచ్ (ఆమ్లం కొలత; 7 తటస్థం, తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) పేపరు వెంటనే ఎర్రబడింది. ఇనుము, జింక్‌ల సల్ఫేట్లు అవి. ఎండకు లోపలి నీరు పైకి పాకి, ఆవిరై, మోసుకొచ్చిన సరుకును పైన వదిలేస్తుంది. ఇలాంటి చోట ఏడాది మొత్తంలో అన్నిటికంటే చెడ్డ నీరు జోరు వానల్లో రాదు, తొలకరి రోజున వస్తుంది.

దిబ్బంతా బోడి. గాలికి బయటి మట్టి వచ్చి పేరుకున్న అంచుల్లో మాత్రం గరిక పాకింది. దిబ్బ అడుగున ఒకచోట ఊట, అది పారిన దారంతా తుప్పు రంగు. అంతకుముందు ఎవరో ఒక మూల పలచగా మట్టి పరిచి, పొలానికి వేసినట్టు కాస్త సున్నం చల్లి గడ్డి నాటారట. ఒక్క సీజన్ కూడా నిలవలేదు.

అడిగిన పని

"లోహాలను తినేసే బ్యాక్టీరియా ఉంటాయట కదండీ. మా దిబ్బలో బతుకుతున్న వాటినే పట్టి, పెంచి, మళ్లీ చల్లితే సరిపోదా?" అని అక్కడి పర్యావరణ మేనేజర్ అడిగారు. చమురు ఒలికిన నేలలను బ్యాక్టీరియాతో బాగుచేసిన సంగతులు ఆయన విని ఉన్నారు. చమురైతే బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టి చివరికి కార్బన్ డయాక్సైడ్, నీరు చేసేస్తుంది. సీసం మూలకం, దాన్ని ఏ జీవీ విరగ్గొట్టలేదు. రూపం మార్చగలదు, చోటు మార్చగలదు, అంతే. కరిగేదాన్ని కరగకుండా చేయొచ్చు, కరగనిదాన్ని కరిగించనూవచ్చు. పాదరసాన్ని ఆవిరి చేసి వదిలించుకునే బ్యాక్టీరియా ఉన్నాయి. అక్కడ కూడా పాదరసం మాయమైపోదు, గాలిలోకి చేరుతుంది.

ఇదంతా ఆయనకు చెప్పాను. చెప్పి, మళ్లీ ఆయన అడిగిన పనికే ఒప్పుకున్నాను. లోహాలను తట్టుకునే స్థానిక బ్యాక్టీరియాను వేరుచేసి, వాటి సాయంతో దిబ్బ మీద పచ్చదనం తేవాలని పని పత్రంలో రాసుకున్నాం. అక్కడ ఉన్న బాధలు మూడు: ఎగిరే దుమ్ము, కారే ఊట, మొలవని మొక్క. మేం రాసుకున్నది మూడోది ఒక్కటే. గడ్డి మొలిస్తే దుమ్ము ఆగుతుంది, ఊట కూడా తగ్గుతుందిలే అనుకున్నాం. ఆ "లే" మాకు ఒక ఏడాది ఖరీదు చేసింది.

పాత రిపోర్టుల్లో ఇంకో చిక్కు ఉంది. మొక్కకు అందే లోహం ఎంతో తెలుసుకోవడానికి డీటీపీఏ అనే, లోహాన్ని పట్టి లాగే ద్రావణం వాడారు. 1978లో లిండ్సే, నార్వెల్ ప్రచురించిన ఆ పద్ధతిని తటస్థ నేలలకు, సున్నపు నేలలకు తయారుచేశారు. ద్రావణం పీహెచ్‌ను 7.3 దగ్గర కట్టి ఉంచుతారు. పీహెచ్ 3 దగ్గర ఉన్న వ్యర్థంలో దాన్ని పోస్తే నేల తన సహజ స్థితిలో ఉండదు, వచ్చే అంకె దేనికీ చెందదు. మేం పలచటి కాల్షియం క్లోరైడ్‌కు మారాం. అది నేల పీహెచ్‌ను పెద్దగా కదపదు, ఈరోజు నీటిలోకి ఎంత వస్తుందో చెబుతుంది. మొత్తం లోహాన్ని ఆమ్లంలో కరిగించి కొలిచే లెక్క వేరు, అది గిడ్డంగిలో సరుకెంతో చెబుతుంది. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ దిబ్బలో సీసం రాశిలో చాలా ఎక్కువ, కదలికలో తక్కువ. జింక్, కాడ్మియం అలా కాదు, కదలడానికి సిద్ధంగా కూర్చున్నాయి. ఇది ముందే చూసి కూడా మేం బ్యాక్టీరియాను సీసంతోనే పరీక్షించడం మొదలుపెట్టాం. సీసం పేరుకున్న భయం అలాంటిది.

పాలలాంటి అగర్

మూడు చోట్ల శాంపిల్స్ తీశాం: పై పెంకు, లోపలి బూడిద రంగు వ్యర్థం, గరిక వేళ్లకు అంటిన మట్టి. మామూలు న్యూట్రియంట్ అగర్‌లో (బ్యాక్టీరియాను పెంచే జెల్లీ లాంటి ఆహారం) లెడ్ నైట్రేట్ కలిపి, మోతాదు పెంచుకుంటూ పోయాం. గరిక వేళ్ల నుంచి వచ్చిన కాలనీలు ఎంత పెంచినా పెరుగుతూనే ఉన్నాయి. ల్యాబ్‌లో పండగ వాతావరణం. ఇంత సీసాన్ని తట్టుకునేది ఎక్కడైనా ఉందా అని లెక్కలు వేసుకుంటున్నాం.

మా జూనియర్ అమ్మాయి ఒక ప్లేటును లైటుకు అడ్డంగా పట్టుకుని, "మేడమ్, ఈ అగర్ పాలలా ఉందేంటి?" అంది.

ఆ ఒక్క ప్రశ్నకు ఆమెకు ఎన్నిసార్లు థాంక్స్ చెప్పినా తక్కువే. సీసం మీడియంలోని (బ్యాక్టీరియాకు ఆహారంగా పోసే మిశ్రమం) ఫాస్ఫేట్‌తో కలిస్తే కరగని ఉప్పుగా దిగిపోతుంది. దాంట్లో ఆహారంగా వేసే పెప్టోన్ (విరగ్గొట్టిన ప్రొటీన్), ఈస్ట్ సారం కూడా లోహాన్ని పట్టేస్తాయి. ప్లేటులో మేం వేసిన సీసంలో ఎక్కువ భాగం తెల్లటి మడ్డిగా కూర్చుంది. మా బ్యాక్టీరియాకు తగిలింది దాంట్లో కొసరు మాత్రమే. అది తట్టుకుందని మేం రాసుకున్న మోతాదు నిజానికి దానికి ఎదురుపడనే లేదు.

పీహెచ్‌ను నిలకడగా ఉంచే ట్రిస్ బఫర్‌తో, ఫాస్ఫేట్ బాగా తగ్గించిన మీడియంలో మళ్లీ మొదటి నుంచి చేశాం. సీసాన్ని తట్టుకునే హద్దు దబ్బున పడిపోయింది. జింక్ విషయంలో మాత్రం కొన్ని కాలనీలు నిజంగానే గట్టివి. అప్పటి నుంచి ఎవరి రిపోర్టులోనైనా ఈ బ్యాక్టీరియా ఇంత లోహాన్ని తట్టుకుంది అని కనిపిస్తే, ముందు మీడియం ఏమిటో చూస్తాను. అది రాయకపోతే ఆ అంకెను పక్కన పెట్టేస్తాను.

గట్టిగా ఉన్నవి ఎలా తట్టుకుంటున్నాయన్నది అప్పుడే అడగాల్సిన ప్రశ్న. మా రంగంలో అందరికీ తెలిసిన ఉదాహరణ క్యుప్రియావిడస్ మెటాలిడ్యూరాన్స్ అనే బ్యాక్టీరియా, సీహెచ్34 రకం. 1976లో బెల్జియంలోని ఒక జింక్ కర్మాగారపు తొట్టి మడ్డిలో దొరికింది. దాని ప్లాస్మిడ్ (కణంలో విడిగా ఉండే డీఎన్ఏ వలయం) మీద సీజెడ్‌సీ అనే జన్యువుల గుంపు ఉంది. కోబాల్ట్, జింక్, కాడ్మియంలను కణం బయటికి తోడిపోసే పంపు అది. వాన నీళ్లు ఇంట్లోకి వస్తే బకెట్‌తో తోడి వీధిలో పోయడం లాంటిది. ఇల్లు ఆరుతుంది, వీధిలో నీళ్లు తగ్గవు. మా గట్టి కాలనీలు కూడా ఎక్కువగా ఈ బాపతే. ద్రావణంలో పెంచి, కణాలను సెంట్రిఫ్యూజ్‌లో గిరగిరా తిప్పి కిందికి దించి చూస్తే జింక్ దాదాపు అంతా పైనీటిలోనే ఉంది. ఒక్క కాలనీ తేడా. చుట్టూ జిగురు పట్టించుకుని, కొంత జింక్‌ను ఆ జిగురులో ఆపుకుంది. పెరగడం మాత్రం నత్తనడక.

ఎంపికలో మేం ఏం చూశామో ఇప్పుడు తల్చుకుంటే నవ్వొస్తుంది. మొక్కలకు మేలుచేసే లక్షణాల పట్టిక ఒకటి వేశాం. ఫాస్ఫేట్ కరిగించడానికి ఒక మార్కు, ఇనుమును పట్టి తెచ్చే సిడెరోఫోర్‌కు ఒక మార్కు, వేళ్లను పెంచే హార్మోన్‌కు ఒక మార్కు. జిగురు కాలనీకి మార్కులు రాలేదు. పంపు ఉన్న వాటిలో ఒకటి మూడింటికి మూడూ కొట్టింది. దాన్నే ఎంచుకున్నాం. ఆమ్లాలు వదిలి ఫాస్ఫేట్‌ను కరిగించే జీవి పక్కనున్న జింక్‌ను కూడా కరిగిస్తుంది కదా అన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు. పొలంలో మంచి లక్షణం అనిపించుకున్నది గని వ్యర్థంలో అదే పేరుతో ప్రమాదం కావచ్చు.

కుండీలో పచ్చ, మడిలో పసుపు

కుండీల ప్రయోగం అద్భుతంగా వచ్చింది. కంపోస్ట్‌లో కలిపిన కల్చర్ (మేం ఎంచుకుని పెంచిన బ్యాక్టీరియా) వేసిన కుండీల్లో గరిక అల్లుకుపోయింది. ఏమీ వేయని కుండీల్లో మొలక కూడా లేదు. ఫొటోలు పెట్టి మేనేజర్‌కు పంపాం. ఆయన తన పైవాళ్లకు పంపారు.

వర్షాలకు ముందు దిబ్బ మీద మడులు కట్టి అదే చేశాం. మొలకలు వచ్చాయి, మూడో వారానికి ఆకులు పసుపెక్కాయి, తర్వాత కొసల నుంచి మాడాయి. మడుల్లో పీహెచ్ మళ్లీ పాత చోటికి దిగింది. మా కల్చర్‌ను గుర్తుపట్టడానికి యాంటీబయోటిక్‌ను తట్టుకునే గుర్తు ఉన్న రకాన్నే వాడాం కాబట్టి దాన్ని లెక్కపెట్టగలిగాం. కొన్ని వారాల్లోనే లెక్కకు అందకుండా పోయింది. అన్నిటికంటే టెన్షన్ పెట్టింది ఇంకొకటి. మడుల అంచున పట్టిన నీటిలో, కల్చర్ వేసిన వాటిలోనే జింక్, కాడ్మియం ఎక్కువ కనిపించాయి.

మేనేజర్ ఫోన్ చేసి, "కుండీలో వచ్చింది కదండీ" అన్నారు. అంతకు మించి ఏమీ అనలేదు, అదే ఇబ్బంది.

కుండీల నోట్‌బుక్ తిరగేస్తే తప్పులు రెండు తేలాయి. ఒకటి, కంట్రోల్ కుండీలకు, అంటే పోలిక కోసం పెట్టిన వాటికి, కంపోస్ట్ వేయలేదు. కల్చర్ ఫలితం అని మేం చెప్పింది కల్చర్, కంపోస్ట్ కలిపిన ఫలితం. రెండు, అన్ని కుండీలకూ రోజూ కుళాయి నీళ్లు పోశాం. ఆ నీటిలో బైకార్బనేట్ ఉంది. చిన్న కుండీలో కొన్ని వారాల పాటు అది పోస్తూ ఉంటే కంపోస్ట్‌తో కలిసి ఆమ్లాన్ని అణిచి ఉంచడానికి చాలు. దిబ్బ మీద పడింది వాన నీరు, దాంట్లో ఆ బలం లేదు.

ఈసారి గొట్టాల్లో వ్యర్థాన్ని నింపి నాలుగు రకాలుగా పెట్టాం: ఉత్త వ్యర్థం, కంపోస్ట్ మాత్రం కలిపింది, కంపోస్ట్‌తో చంపిన కల్చర్, కంపోస్ట్‌తో బతికున్న కల్చర్. కంపోస్ట్‌లో ముందే ఉన్న బ్యాక్టీరియాను చంపడానికి దాన్ని ఆటోక్లేవ్ చేయాలి (ఒత్తిడి ఆవిరిలో ఉడికించాలి), కానీ అలా చేస్తే దాంట్లోని కర్బనం కొంత కరిగి గుణం మారుతుంది. అందుకని కంపోస్ట్ వేసిన మూడింటికీ ఒకే బ్యాచ్‌లో ఆటోక్లేవ్ చేసిందే వాడాం. నీళ్లు డిస్టిల్డ్. పైన గరిక గింజలు, కింద గ్లాసులో కారే నీరు.

మొలక విషయంలో చచ్చిన కల్చర్, బతికున్న కల్చర్, ఉత్త కంపోస్ట్ మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. కారిన నీటిలో మాత్రం ఉంది. బతికున్న కల్చర్ గొట్టం నుంచే జింక్ ఎక్కువ వచ్చింది. మా స్టార్ బ్యాక్టీరియా తన పని తాను చేసుకుపోయింది. ఆ పని మాకు అక్కర్లేనిదని తెలుసుకోవడానికి ఏడాది పట్టింది.

పెంకులో ఉన్నదెవరు

ఇక్కడ అసలు ప్రశ్న వేసుకున్నాం. పీహెచ్ ఎందుకు మళ్లీ మళ్లీ దిగుతోంది? పై పెంకు శాంపిల్ నుంచి మా అగర్ మీద కాలనీలు చాలా తక్కువ వచ్చాయి. అక్కడ జీవం తక్కువని రాసుకుని ముందుకెళ్లిపోయాం. పీహెచ్ 7 మీడియంలో, పెప్టోన్ పెట్టి పిలిస్తే వచ్చేవాళ్లే వస్తారు. పెంకులో కాపురం ఉండేవి పెప్టోన్ తినవు. కరిగిన ఫెర్రస్ ఇనుమును ఫెర్రిక్ (ఇంకా ఆక్సీకరణ చెందిన రూపం) చేసి, ఆ శక్తితో బతుకుతాయి. కర్బనాన్ని గాలి నుంచి తీసుకుంటాయి.

1959 నాటి 9కే మీడియం కలిపాం. ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం, సల్ఫ్యూరిక్ ఆమ్లంతో పీహెచ్ దించింది. లేత ఆకుపచ్చగా, నీళ్లలా తేటగా ఉంటుంది. ఒక ఫ్లాస్కులో చిటికెడు పెంకు, ఇంకో ఫ్లాస్కులో మరిగించి చంపిన పెంకు. రెండూ షేకర్ మీద పెట్టాం. వారం తిరక్కుండా మొదటిది తేనె రంగుకు, ఆపై తుప్పు రంగుకు వచ్చి అంచుల్లో గార కట్టింది. రెండోది అలాగే లేత ఆకుపచ్చగా ఉంది. పీహెచ్ 7 అగర్ మీద జీవం లేదనుకున్న పెంకు ఇదే.

ఈ బ్యాక్టీరియాను బొగ్గు గని ఆమ్ల నీటిలో 1947లోనే కాల్మర్, హింకిల్ గుర్తించారు. ఇప్పుడు దాని పేరు అసిడిథయోబాసిల్లస్ ఫెర్రోఆక్సిడాన్స్. దానితో పాటు లెప్టోస్పైరిల్లం వంటివీ ఉంటాయి. జరిగే పని ఇది. పైరైట్‌కు గాలి, నీరు తగిలితే సల్ఫ్యూరిక్ ఆమ్లం, ఫెర్రస్ ఇనుము వస్తాయి. ఆమ్లంలో ఫెర్రస్ తనంతట తాను గాలికి ఫెర్రిక్ కావడం చాలా నెమ్మది. బ్యాక్టీరియా ఆ మెట్టును 10 లక్షల రెట్లకు పైగా వేగం చేయగలవని 1970లో సింగర్, స్టమ్ చూపించారు. అలా పుట్టిన ఫెర్రిక్ మళ్లీ వెళ్లి పైరైట్‌నే కొరుకుతుంది, గాలి అక్కర్లేకుండానే. ఇంకా ఫెర్రస్, ఇంకా ఆమ్లం. ఆ ఆమ్లంలోనే జింక్, కాడ్మియం కరిగి కారుతున్నాయి.

అంటే ఆ దిబ్బలో లోహాలను అందరికంటే బాగా తట్టుకునే బ్యాక్టీరియానే అక్కడి సమస్యను నడిపిస్తోంది. మేం తట్టుకునేవాళ్ల కోసం వెతికాం, అసలు వాళ్లు మా కాళ్ల కింద పెంకులో ఉన్నారు. పీహెచ్ 7 ప్లేటు మీద వాళ్లు కనపడలేదు, అంతే.

మారిన దారి

వీటిని చంపే ఆలోచన ముందు వచ్చింది. సోడియం లారిల్ సల్ఫేట్ వంటి సబ్బు పదార్థాలతో బొగ్గు వ్యర్థాల మీద ఈ బ్యాక్టీరియాను అణిచిన అనుభవం ఉంది. వద్దనుకున్నాం. అది వానకు కడుక్కుపోతుంది, మళ్లీ మళ్లీ చల్లాలి, చల్లడం ఆపిన మర్నాటి నుంచి కథ మొదటికి. బ్యాక్టీరియాతో కుస్తీ పట్టేకంటే దానికి కావలసిన పరిస్థితిని తీసేయడం మేలనిపించింది. దానికి గాలి కావాలి, ఆమ్లం కావాలి.

ఆమ్లం లెక్క ఈసారి సరిగ్గా వేశాం. అంతకుముందు సున్నం వేసినవాళ్లు ఆరోజు ఉన్న పీహెచ్ చూసి పొలం లెక్కన వేశారు. గని వ్యర్థంలో ఈరోజు కనిపించే ఆమ్లం కంటే ఇంకా పుట్టాల్సిన ఆమ్లం ఎక్కువ. సల్ఫైడ్ రూపంలోని గంధకం ఒక్కో శాతానికి, టన్ను వ్యర్థానికి 31.25 కిలోల కాల్షియం కార్బనేట్ కావాలన్నది ప్రామాణిక లెక్క. ఉదాహరణకు సల్ఫైడ్ గంధకం 2 శాతం ఉందనుకోండి, టన్నుకు 62.5 కిలోలు. ఒక హెక్టారులో పై 30 సెంటీమీటర్లు, ఘనమీటరుకు 1.5 టన్నుల బరువు చొప్పున 4,500 టన్నులు. దానికి సున్నపురాయి పొడి సుమారు 281 టన్నులు. ఈ లెక్క కాగితం మీద చూశాక దిబ్బ మొత్తాన్ని తటస్థం చేయడం అనే మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. వేళ్లు దిగే మేర మాత్రమే సున్నం, దాని పైన కప్పు, లోపలికి గాలి, నీరు వెళ్లకుండా చూడడం అని తేల్చుకున్నాం.

ఏ సున్నం అన్నదాని మీద వాదన జరిగింది. తడి సున్నం త్వరగా పనిచేస్తుంది, పీహెచ్‌ను 12 దాకా కూడా ఎగరేస్తుంది. ఈ దిబ్బలో ఆర్సెనిక్ ఉంది, పీహెచ్ మరీ పెరిగితే ఇనుప ఆక్సైడ్లు పట్టుకున్న ఆర్సెనిక్‌ను వదిలేస్తాయి. సున్నపురాయి నెమ్మది, కానీ 8 దాటి పెద్దగా పోదు. రాయి ముక్కలుగా వేస్తే ఇనుము పూత కట్టి లోపలి రాయి వృథా అవుతుంది, కాబట్టి మెత్తటి పొడి. ఇదే ఆర్సెనిక్ వల్ల ఇంకో మంచి సలహాను కూడా వదులుకోవాల్సి వచ్చింది. ఫాస్ఫేట్ ఎరువు వేస్తే సీసం పైరోమార్ఫైట్ అనే గట్టి ఖనిజంగా మారి కదలదు. నిజమే. కానీ ఫాస్ఫేట్, ఆర్సెనేట్ రసాయనికంగా అన్నదమ్ముల్లాంటివి, ఒకటి వస్తే రెండోది చోటు ఖాళీ చేస్తుంది. బీకరులో చేసి చూస్తే నీటిలో ఆర్సెనిక్ పెరిగింది. సీసం ఇక్కడ ఎలాగూ కదలడం లేదు, దాని కోసం ఆర్సెనిక్‌ను లేపడం ఎందుకని ఆపేశాం.

సున్నం కలిపిన పొర మీద సల్ఫైడ్ లేని ముతక రాళ్ల పొర ఒకటి వేశాం. పైకి పాకే ఉప్పునీటికి అక్కడ దారి తెగుతుంది. మొదట మట్టి పరిచినవాళ్ల గడ్డి చావడానికి ఈ పాకే ఉప్పే సగం కారణమని నా అంచనా. దాని పైన మట్టి, బాగా మాగిన కంపోస్ట్. గింజ కూడా బయట కొన్నది కాదు, దిబ్బ అంచుల గరికే. లోహాల నేలలో తరాలుగా బతికిన గడ్డిలో తట్టుకునే రకాలు విడిగా ఏర్పడతాయని వేల్స్ గనుల మీద బ్రాడ్‌షా బృందం చేసిన పని చాలాకాలం క్రితమే చూపింది. వాళ్ల దారిలో వచ్చిన రకాల్లో కూడా సున్నపు సీసం వ్యర్థానికి ఒకటి, ఆమ్ల సీసం వ్యర్థానికి వేరొకటి. గడ్డి ఎంపికలో కూడా పీహెచ్‌దే మొదటి మాట.

కల్చర్ సంగతి? ఈసారి మార్కులు రాని జిగురు కాలనీని తీసుకుని, దిబ్బ మీద చల్లకుండా గింజకే పట్టించాం. పీహెచ్ 6 దాటాకే. పట్టించని గింజలతో సగం మడులు పక్కనే ఉంచాం. వానలు మధ్యలో ఆగినప్పుడు పట్టించిన మడుల్లో మొలకలు కాస్త ఎక్కువ నిలిచాయి. రెండో సీజన్‌కు రెండూ ఒకటే. సున్నం, కంపోస్ట్ పడ్డాక నేల తన బ్యాక్టీరియాను తానే తెచ్చుకుంది, మా గింజ పూత ఆ మొదటి కొన్ని వారాలకే పనికొచ్చింది. ఇంతకు మించి చెప్పుకుంటే అబద్ధం అవుతుంది.

ఊట

గడ్డి వచ్చినా ఊట ఆగలేదు. లోపల పుట్టి ఉన్న ఆమ్లం ఏళ్ల తరబడి కారుతూనే ఉంటుంది. ఇక్కడ మాత్రం బ్యాక్టీరియానే పని చేసింది, అదీ వేరే జాతివి. గొయ్యి తవ్వి, చెక్క ముక్కలు, కంపోస్ట్, సున్నపురాయి నింపి, పేడ, చెరువు అడుగు బురద కలిపాం. గాలి తగలని చోట సల్ఫేట్‌ను సల్ఫైడ్ చేసే బ్యాక్టీరియా ఆ బురదలో ఉంటాయి, కొనక్కర్లేదు. ఆ సల్ఫైడ్‌తో జింక్, కాడ్మియం కరగని రూపంలో కూర్చుంటాయి. గని నుంచి ఏ రూపంలో తవ్వి తీశారో దాదాపు ఆ రూపానికే తిరిగి వెళ్లడం.

మొదటిసారి నింపగానే ఊటను వదిలాం, చచ్చింది. ఆమ్లం, జింక్ ఆ లేత గుంపును నిలవనివ్వలేదు. రెండోసారి మంచినీళ్లతో నింపి మూసి కొన్ని వారాలు ఉంచాం. మూత తీస్తే కుళ్లిన గుడ్ల వాసన, లోపల కాటుక నలుపు. ఆ వాసన హైడ్రోజన్ సల్ఫైడ్‌ది, కాబట్టి గొయ్యి మీదికి వంగి చూడకూడదని, ఒంటరిగా దగ్గరికి వెళ్లకూడదని బోర్డు పెట్టించాం. తర్వాత ఊటను కొద్దికొద్దిగా అలవాటు చేశాం. బయటికి వచ్చే నీటిలో జింక్, కాడ్మియం బాగా పడిపోయాయి.

ఆర్సెనిక్ అలా కాదు. ఇనుప తుప్పు దాన్ని బాగా పట్టుకుంటుంది, కానీ గాలి లేని గొయ్యిలో ఆ తుప్పే కరిగి పట్టుకున్నదాన్ని వదిలేస్తుంది. అందుకని గొయ్యికి ముందు లోతు లేని వెడల్పు కుంట ఒకటి పెట్టి, కాస్త సున్నపురాయి తగిలించి, ఇనుము, దానితో పాటు ఆర్సెనిక్ అక్కడే దిగిపోయేలా చేశాం. ఆ కుంట మడ్డిని ఎత్తి విడిగా ఉంచుతున్నారు. దాన్ని గొయ్యిలో పారేయకూడదని ప్రతి కొత్త ఉద్యోగికీ చెప్పాల్సి వస్తోంది.

ఒక ఎండాకాలం గొయ్యిలో నీరు తగ్గింది. పై నలుపు బూడిద రంగుకు తిరిగింది, తొలకరికి బయటి నీటిలో జింక్ మళ్లీ కనిపించింది. గాలి తగిలితే సల్ఫైడ్ మళ్లీ సల్ఫేటే. బయటికి వెళ్లే పైపుకు ఒక వంపు బిగించి మూతిని పైకి లేపాం. ఇప్పుడు ఊట సన్నబడ్డా గొయ్యి నిండుగానే ఉంటోంది. అంత ఆలోచించాక పెట్టిన ఆ వంపు అన్నిటికంటే చౌక సామాను.

మా పద్ధతిలో మారినవి

ఇప్పుడు మా దగ్గరికి ఇలాంటి పని వస్తే బ్యాక్టీరియా వేరుచేసే ముందే గంధకం లెక్క వేస్తాం. పెంకు శాంపిల్‌ను 9కే ఫ్లాస్కులో వేయకుండా జీవం తక్కువ అని రాయం. చంపిన కల్చర్ కంట్రోల్ లేని ప్రయోగం ఫొటోలు ఎవరికీ పంపం. కుండీలకు పోసే నీటిని కూడా పరీక్షిస్తాం. ఎంపిక పట్టికలో ఇప్పుడు మొదటి గడి, పైనీటిలో లోహం పెరిగిందా తగ్గిందా అన్నది. పెరిగితే మిగతా మార్కులు చూడం. లోహాన్ని నేల నుంచి మొక్కలోకి లాగి కోసి తీసేయాలన్నది లక్ష్యమైతే అలా కరిగించేదే పనికొచ్చేది కావచ్చు. కానీ కింద ఊట ఉన్న దిబ్బ మీద ఆ జూదం ఆడను.

మొన్న మేనేజర్ కలిసినప్పుడు, "ఆ మొదటి బ్యాక్టీరియా ఏమైందండీ, పారేశారా?" అని అడిగారు. పారేయలేదు. మైనస్ 80 ఫ్రీజర్‌లో ఉంది. ట్యూబ్ మీద పాత లేబుల్ తీసి జూనియర్ కొత్తది అంటించింది: "జింక్ వదులుతుంది, బయట చల్లకూడదు."